శ్రీ మాదరి భాగ్యరెడ్డి వర్మగారి జీవితము

హైదరాబాదు చరిత్ర యనగానే మన బాలబాలికలకు చార్మినారు, గోలకొండ కోట, నవాబుల వైభవము స్ఫురించుట సహజము. ఆ నగరముననే బీద కుటుంబమున జన్మించి, అంటరానివారని లోకము దూరముగ నుంచిన పసిబిడ్డలచేత ఓనమాలు దిద్దించిన మహనీయుడు భాగ్యరెడ్డి వర్మగారు. ఆయన పేరు వినినవారు పలువురు గలరు. ఆదిహిందూ ఉద్యమ నాయకుడనియు, సంఘసంస్కర్త యనియు పెద్దల గ్రంథము లాయనను వర్ణించుచున్నవి. మాకు మాత్రము ఆయన పెట్టిన చిన్నబడులే ఆ జీవితమునందెల్ల ముఖ్యమైనవిగా దోచుచున్నవి. పాఠశాలా సంచికకు అంతకంటె తగిన విషయము వేరొకటి లేదని తలచి ఈ వ్యాసమును వ్రాయ సాహసించితిమి.

వర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన హైదరాబాదునందు మాల కుటుంబమున జన్మించిరి. తండ్రి మాదరి వెంకయ్యగారు, తల్లి రంగమాంబగారు. తలిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబమునకు గురువైన శైవుడొకడు, ఈ జనులు పూర్వకాలమున నీ దేశము నేలినవారే యని నమ్మి, రేడు అను మాటనుండి రెడ్డి శబ్దము వచ్చినదని చెప్పి, బాలునకు భాగ్యరెడ్డి యని పేరు మార్చెను. వర్మ యను బిరుదము 1913లో ఆర్యసమాజమువారు ఇచ్చినది. పేరులోనేమున్నదని కొందరు నవ్వవచ్చును. కాని ఊరిలో తనను ఏ పేరుతో పిలుతురో, ఆ పిలుపులో ఎంత చులకన యుండునో యెరిగిన బాలునకు పేరు చిన్న విషయము గాదు. ఈ సంగతి యీ జీవితమున మరల మరల కనబడును.

బాల్యమున ఆయన చదువు సాఫీగ సాగలేదు. యువకుడై దోస్ సాంటోస్ అను రోమను కాథలిక్ బారిస్టరుగారి యింట పనికి కుదిరెను. పని చేయించుకొని జీతమిచ్చి యూరకుండిన ఆ కథ యంతటితో ముగిసెడిది. ఆ బారిస్టరుగారు యువకునకు చదువుమీది మక్కువను గుర్తించి, పుస్తకములను, వార్తాపత్రికలను అందుబాటులో నుంచి, లోకజ్ఞానమును కలిగించెను. ఇంటిపనులు చక్కబెట్టుచునే వర్మగారు ఇంగ్లీషు నేర్చుకొని, దేశమున ఎచ్చటెచ్చట ఏమి జరుగుచున్నదో తెలిసికొనసాగిరి. ఒక్క గృహస్థుని సద్బుద్ధి ఎంతదూరము పోయెనో చూడుడు.

1906లో, అనగా పదునెనిమిదేండ్ల వయసున, ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించిరి. ఆ మండలి చేసిన మొదటిపని ఉపన్యాసములు గాదు, హరికథలు, భజనలు. చదువురాని జనమునకు కరపత్రము లెందులకు? రాత్రివేళ పాటయు కథయు వినుట కలవాటుపడిన వారికి ఆ దారిననే మంచిమాటలు చేర్చవలెను. త్రాగుడు మానుడు, పసిపిల్లలకు పెండ్లిండ్లు చేయకుడు, ఆడపిల్లలను దేవుని పేర జోగినులుగా విడువకుడు, బిడ్డలను బడికి పంపుడు అని ఆ కథల సారము. 1911లో ఈ మండలియే మాన్యసంఘముగా మారెను.

బిడ్డలను బడికి పంపుడని చెప్పుట సులభము. ఏ బడికి? ఆ కాలమున నగరమునందలి బడులు ఈ పిల్లలను చేర్చుకొనుట అరుదు. చేర్చుకొన్నను మూల కూర్చుండబెట్టుటయు, పలకను దూరమునుండి చూచుటయు గలదు. మెదకు ప్రాంతమున పోస్నెట్ దొరగారి వంటి మిషనువారు మాలమాదిగ పల్లెలలో బడులు పెట్టిరి గాని, నగరపు గల్లీలలో కూలివాని బిడ్డకు అందుబాటున నున్నవి తక్కువ. అందుచేత వర్మగారు 1910లో తామే బడులు తెరచిరి. ఇసామియా బజారునందును, లింగంపల్లియందును మొదటి బడులు పుట్టినవి. మన మూసాపేట పిల్లలు లింగంపల్లి యనగానే పడమటి రైలుస్టేషనును తలతురేమో. ఇది కాచిగూడ చేరువనున్న వేరొక పేట. ఇసామియా బజారు కోఠికి దగ్గర. మూసాపేటలో మెట్రోరైలు ఎక్కి ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనున దిగినవారు కాలినడకన అచ్చటికి పోవచ్చును.

ఆ బడులలో చదువు తెలుగుననే సాగెను. ఇది మా దృష్టిలో మిక్కిలి గొప్ప సంగతి. నిజాము రాజ్యమున కొలువుభాష ఉర్దూ. తరువాత 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధన ఉర్దూలోనే. 1921 నవంబరులో ఇదే నగరమున వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారను వకీలు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ పరాభవము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినదని చరిత్రకారులు చెప్పుదురు. వకీలుగారికే అంతటి గతి పట్టిన నగరమున, అంతకు పదునొకండేండ్లకు ముందే కూలివారి పిల్లలు అ ఆలు దిద్దుచుండిరి. తెలుగునకు జరిగిన సేవలను లెక్కించువారు సుల్తాను బజారునందలి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును తప్పక పేర్కొందురు, అది తగినదే. దాని సమీపముననే నడచిన ఈ చిన్నబడులను కూడ ఆ లెక్కలో చేర్చవలెనని మా మనవి.

మరియొక పోలిక. 1907లో ఇటలీ దేశమున రోము నగరపు సాన్ లొరెంజో అను బీదల పేటలో మరియా మాంటిస్సోరీ యను వైద్యురాలు, తలిదండ్రులు కూలికి పోగా మెట్లపై తిరుగు పసివారికి శిశుగృహము తెరచెను. లోకమంతయు ఆ పద్ధతిని నేర్చుకొనెను. మూడేండ్లు గడచునప్పటికి హైదరాబాదు పేటలలో అటువంటి పిల్లలకే బడులు లేచినవి. వర్మగారికి ఆమెవలె శాస్త్రమును లేదు, పరికరములును లేవు. పలక, బలపము, ఉపాధ్యాయుడు ఉన్న చాలు. కాని ఇరువురును గ్రహించినది యొక్కటే: బిడ్డ ఏడెనిమిదేండ్లవాడై కూలికి అలవాటుపడిన పిమ్మట బడిలో కూర్చుండుట కష్టము.

ఉపాధ్యాయునకు జీతమీయవలెను గదా. చందాలు పోగుచేయుటకు వర్మగారు గడపగడపకు తిరిగిరి. సవర్ణ హిందువులలో వామననాయకుగారు, న్యాయమూర్తి రాయ్ బాలముకుందుగారు వంటి ఉదారు లాయనకు అండగా నిలిచిరి. బాలముకుందుగారితో గూడి జీవరక్షా జ్ఞానప్రచారక మండలి పక్షమున జంతుబలులకు విరుద్ధముగను ఆయన పనిచేసిరి. కాని బడి ఏ పేటలో నుండునో ఆ పేటవారే దానిని చూచుకొనవలెనని వర్మగారి పట్టుదల. స్వస్తికదళమను పేర ఆయన చేర్చిన స్వచ్ఛంద సేవకులు ఆ పేటల యువకులే. ఇచ్చట మేము కొంత నిలిచి చెప్పదలచినది యొకటి గలదు. పైనుండి వచ్చి దయతో పలక నిచ్చి పోవువాడు మంచివాడే. బిడ్డ ఆతనికి నమస్కరించును. తన వీధివాడే, తన కులమువాడే, తనవలె అవమానము లెరిగినవాడే బడి నడపుట చూచిన బిడ్డ వేరొకటి నేర్చుకొనును: ఇది మాది యని. దానధర్మమునకును హక్కునకును గల తేడా పెద్దలకు ఎంత వివరించినను తెలియదు గాని, ఐదేండ్ల బిడ్డకు తెలియును.

మూసాపేట వాసులకు ఈ తేడా నేడు కండ్లయెదుటనే యున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట మన పరిసరములన్నియు మేడలతో నిండినవి. ఆ మేడలు కట్టుటకు పాలమూరునుండి, శ్రీకాకుళమునుండి, ఒరిస్సా, బీహారు దేశములనుండి వచ్చిన కూలివారి పిల్లలు ఇసుకకుప్పలపై ఆడుకొందురు. 2009నాటి విద్యాహక్కు చట్టము ఆరేండ్లు నిండినవారికి వర్తించును. అంతకు చిన్నవారికి అంగన్వాడీయే గతి, అదియు తల్లిదండ్రుల మకాము మారినప్పుడెల్ల మారును. ఆదివారమున కంపెనీ యుద్యోగులు కొందరు వచ్చి బొమ్మలపుస్తకములు చదివి వినిపించుట మెచ్చదగినదే. సోమవారమున ఆ బిడ్డను ఎవరు చూతురో యను ప్రశ్న మిగిలియున్నది. వర్మగారి బడులు సోమవారమున తెరచెడివి.

1917 నవంబరులో బెజవాడయందు ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగెను. గూడూరు రామచంద్రరావుగారు ముందునిలిచి జరిపిన ఆ సభకు అధ్యక్షత వహింప హైదరాబాదునుండి వర్మగారిని ఆహ్వానించిరి. ఇంతమంది యంటరానివారు ఊరిలోనికి వచ్చుచున్నారని విని బెజవాడ కనకదుర్గమ్మ గుడి తలుపులు మూడుదినములు మూసివైచిరి! సభాధ్యక్షుడు మొదట ప్రశ్నించినది సభ పేరునే. పంచములనగా ఐదవవారు; శాస్త్రములలో నాలుగే వర్ణములుండగా ఈ యైదవది యెక్కడిది? ఈ దేశపు మొదటి నివాసులను కడపటివారిగా లెక్కించుట యేమి న్యాయము? ఈ భావమును సభ అంగీకరించి, తన పేరును ఆదిఆంధ్ర మహాసభగా మార్చుకొనెను. పల్లెలకు బడులు కావలెననియు, త్రాగునీటి బావులు కావలెననియు కోరెను. ఇటుపిమ్మట మాన్యసంఘమును ఆదిహిందూ సాంఘిక సేవాసమితిగా మారెను.

పిదప జరిగినవానిని క్లుప్తముగ చెప్పెదము. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన తొలి నిజామాంధ్ర మహాసభలో వర్మగారు పాల్గొనిరి. అదే సంవత్సరమున లక్నో నగరమున ఆదిహిందూ మహాసభ జరుగగా, లండనులోని రౌండుటేబులు సమావేశమునకు డాక్టరు అంబేద్కరుగారే తగిన ప్రతినిధియని బలపరచిరి. 1931లో భాగ్యనగర్ అను పత్రికను స్థాపించిరి. జోగిని, దేవదాసీ యాచారములను నిజాము ప్రభుత్వము నిషేధించుటకు ఆయన ఆందోళనము కారణములలో నొకటి. బుద్ధజయంతిని ఈ నగరమున జరిపించిరి. కుమారునకు గౌతమ్ అని పేరిడిరి.

ఆయనతో విభేదించినవారును గలరు. అరిగె రామస్వామిగారు తమ సంఘమును తాము వేరుగ నడపుకొనిరి. మాలమాదిగలలో ఎవరి పెద్దరికము చెల్లవలెనను తగవు ఆదిహిందూ సంఘములను బాధించెను. అందరి పక్షమున మాటలాడినవాడు అందరిచేతను మెప్పు పొందుట దుర్లభము. దీనిని దాచిపెట్టినచో ఆ మహనీయునకు మేలుచేసినట్లు గాదు.

పేరు విషయమున ఆయన తలపెట్టినది 1931లో కొంతవరకు నెరవేరెను. ఆ యేటి జనాభాలెక్కలలో నిజాము ప్రభుత్వము ఆదిహిందువులను ఆ పేరుననే నమోదు చేసెను. చులకనయైన మాట స్థానమున, తాము కోరుకొన్న మాటయే సర్కారు కాగితమున నెక్కెను.

అప్పటికి బడుల సంఖ్య 26 అయ్యెను. పిల్లలు 2500 పైచిలుకు. లెక్కవేసినచో బడికి నూరుగురు లేదా అంతకు స్వల్పము తక్కువ. చందాలతో మొదలైన పనికి ఇది సామాన్యమైన లెక్క గాదు. 1933–34 ప్రాంతమున నిజాము ప్రభుత్వము ఆ బడులను తన యధీనమునకు తీసికొనెను. ఇది గెలుపా, ఓటమియా? ఇరువది మూడేండ్లు కన్నబిడ్డలవలె పెంచిన బడులు చేయిదాటుట ఏ స్థాపకునకును సులభము గాదు. సర్కారు బడిలో ఆ పేటవారి మాట ఎంతవరకు చెల్లునో యను సందేహమును సహజమే. అయినను మా యభిప్రాయమున ఇది గెలుపే. జీతము తప్పక వచ్చు ఉపాధ్యాయుడు, చందా రాని నెలలోను మూతపడని బడి ఆ పిల్లలకు లభించెను. అంతకుమించి, ఈ పిల్లలకు చదువు చెప్పుట దాతల పుణ్యము గాదు, రాజ్యముయొక్క విధియని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లాయెను. అడిగి తీసికొనినదానికంటె చేసి చూపి యొప్పించినది గట్టిది.

వర్మగారు 1939 ఫిబ్రవరి 18వ తేదీన, ఏబదియొకటవ యేట పరమపదించిరి. 1910లో ఇసామియా బజారు బడిలో తొలిసారి పలక పట్టిన ఐదేండ్ల పిల్లవాడు ఆనాటికి ముప్పదినాలుగేండ్లవాడు. తన బిడ్డను అదే వీధిలోని సర్కారు బడికి, దారి అడుగనక్కరలేకయే, తోడ్కొనిపోదగిన వయసువాడు.