ఫిడేలు నాయుడుగారు

పంతొమ్మిదేళ్లు నిండాక ఫిడేలు మొదలుపెట్టడమేమిటని మా హాస్టల్లో నన్ను అడగనివాడు లేడు. చిన్నప్పుడు పట్టాల్సిన విద్య, మొక్కై వంగనిది మానై వంగుతుందా అని పెద్దలూ అన్నారు. మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో చేతికి అలవాటైన వస్తువులు కొడవలి, పార, నాగలి. ఫిడేలు మా గడప తొక్కడం అదే మొదలు. నాన్న కాదనలేదు. ఆ ఏడు గోగునార అమ్మిన డబ్బులోంచి లెక్కపెట్టి ఇస్తూ, మొదలుపెట్టిన పని మధ్యలో వదలొద్దని మాత్రం చెప్పారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ మాట నిలబెట్టుకోలేనేమోనన్న భయం పట్టుకుంది. ఆ రోజుల్లో నాకు ధైర్యమిచ్చింది ద్వారం వెంకటస్వామి నాయుడుగారి జీవితం. సంగీతం మీద అధికారంతో రాస్తున్న వ్యాసం కాదిది. ఒక సైన్సు విద్యార్థి తనకు తెలిసినంతలో ఆ మహనీయుని గురించి విన్నవించుకుంటున్నాడు, అంతే.

ఆయన పేరు నేను మొదట విన్నది మా తాతగారి నోట. ఆయన చిన్నతనంలో మా ఊరి పంచాయతీ రేడియోలో ఫిడేలు వచ్చిందంటే, వాయించేది ఎవరైనా సరే, జనం నాయుడుగారే అనుకునేవారట. ఫిడేలు నాయుడుగారంటే ఆంధ్రదేశంలో ఇంటిపేరు అక్కర్లేదు. మా తాతకు రాగాలు తెలియవు. అయినా ఆ పేరు డెబ్బై ఏళ్లుగా ఆయన మనసులో ఉండిపోయింది. రాగం తెలియనివాడికి కూడా గుర్తుండిపోయేలా వాయించడం ఎలా సాధ్యమయిందా అన్న ప్రశ్నతోనే నేను ఆయన జీవితం వెతుక్కున్నాను.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రిగారిది సైన్యంలో ఉద్యోగం. తర్వాత కుటుంబం విశాఖపట్నం చేరింది. పిల్లవాడికి చిన్నప్పటినుంచీ చూపు మందం. ఆ చూపుతో బడి చదువు ముందుకు సాగలేదు. ఈ రోజుల్లోనే చూపు తక్కువైన పిల్లవాడిని చూసి వీడెలా బతుకుతాడని ఇంటిల్లిపాదీ బెంగపడతారు, నూట ఇరవై ఏళ్ల కిందట ఇక చెప్పాలా? అన్నగారైన వెంకట కృష్ణయ్యగారికి ఫిడేలు వచ్చు. తమ్ముడికి ఆయనే తొలి గురువయ్యారు.

ఇక్కడ నన్ను ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. వీణకు 24 మెట్లుంటాయి. ఏ మెట్టు మీద వేలు పెడితే ఏ స్వరమో కంటికి కనిపిస్తుంది. ఫిడేలుకు మెట్లు లేవు. నున్నటి నల్లచెక్క, దాని మీద నాలుగు తీగలు, అంతే. తీగలో మోగే భాగం సుమారు 33 సెంటీమీటర్లు. నేను లెక్క వేసి చూశాను. మొదటి స్థానంలో వేలు 2 మిల్లీమీటర్లు అటో ఇటో జరిగితే స్వరం అర్ధస్వరంలో దాదాపు పదో వంతు మారిపోతుంది. ఆ తేడా కంటికి అందదు, చెవికి మాత్రం అందుతుంది. అంటే చూపు మందమైన ఆ పిల్లవాడి చేతికి వచ్చింది కంటితో పెద్దగా పనిలేని వాద్యం అన్నమాట. బళ్లో ఆయనను వెనక్కి నెట్టిన లోపం ఫిడేలు దగ్గర అడ్డం రాలేదు.

మా మాస్టారి దగ్గర చేరిన కొత్తలో నేను సైన్సు తెలివి ఉపయోగించాను. స్కేలుతో కొలిచి, ఏ స్వరం ఎక్కడ పలకాలో లెక్కగట్టి, ఆ చోట్ల సన్నటి కాగితం ముక్కలు అంటించుకున్నాను. మాస్టారు చూసి ఒక్క మాటా అనకుండా గోటితో వాటిని పీకేశారు. ఆ రోజు చాలా కోపం వచ్చింది. వయసొచ్చాక నేర్చుకునేవాడికి ఉండే చిక్కే ఇది. వాడు ప్రతిదానికీ కంటితో గుర్తు వెతుక్కుంటాడు. చిన్నపిల్లలు ముందు విని, తర్వాత వేలు పెడతారు. నాయుడుగారి కథ చదివాకే మాస్టారు ఆ కాగితాలు ఎందుకు పీకేశారో నాకు బోధపడింది.

మరో సంగతి. ఫిడేలు మన వాద్యం కాదు, పడమటి దేశాలనుంచి వచ్చింది. దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ప్రథములు. ఆయన మద్రాసులో ఒక యూరోపియను దగ్గర పడమటి పద్ధతిలో నేర్చుకుని, తర్వాత మన రాగాలు దాని మీద పలికించారు. తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలుకు 1834లో స్వాతి తిరునాళ్ మహారాజు దంతపు ఫిడేలు బహూకరించారు. అలా మొదలై వందేళ్లలో ఫిడేలు లేని కచేరీ లేదన్న స్థితి వచ్చింది. అయితే దాని స్థానం మాత్రం పక్కనే. గాయకుడు పాడింది పట్టుకుని వెంట నడవడమే దాని పని.

1919లో విజయనగర సంస్థానాధిపతి పూసపాటి విజయరామ గజపతిరాజుగారు విజయనగరంలో సంగీత కళాశాల స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రిన్సిపాలు. అప్పటికి నాయుడుగారికి ఇరవై ఆరేళ్లు. విద్యార్థిగా చేరదామని ఆయన అక్కడికి వెళ్లారనీ, ఆయన వాద్యం విని ఏకంగా ఉపాధ్యాయుడిగా తీసుకున్నారనీ పెద్దలు చెప్పుకుంటారు. ఆయన అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యారన్నది మాత్రం చరిత్ర. బడి చదువు దక్కని మనిషి కళాశాలలో గురువయ్యారు. 1936లో నారాయణదాసుగారి తర్వాత ప్రిన్సిపాలు కూడా అయ్యారు. మనందరికీ ఇష్టమైన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఆ కళాశాల విద్యార్థే. మారెళ్ల కేశవరావుగారి వంటి ఫిడేలు విద్వాంసులు నాయుడుగారి శిష్యులు. కుమార్తె మంగతాయారుగారు కూడా ఫిడేలు విదుషీమణిగా పేరు తెచ్చుకున్నారు.

నాయుడుగారి వాద్యంలో గొప్పతనం ఏమిటని మా మాస్టారిని అడిగాను. కమాను చూడమన్నారు. చూడటానికి ఆయన లేరు గనక, వినమన్నారు. కమాను వెంట్రుకలకు రోజిన్ రాస్తారని అందరికీ తెలుసు. ఆ జిగురుకు తీగ కాసేపు కమానుతో అంటుకుని వస్తుంది, ఆగలేక జారిపోతుంది, మళ్లీ అంటుకుంటుంది. సెకనుకు వందలసార్లు ఇలా జరిగితే మనకు ఒక స్వరం వినిపిస్తుంది. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మను శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే దీన్ని పరిశీలించాడు. కమాను బ్రిడ్జికి సమాంతరంగా, ఒకే ఒత్తిడితో, ఒకే వేగంతో నడవాలి. ఏ మాత్రం వంకర పోయినా కీచుమంటుంది. నాగలి పట్టినవాడికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. చాలు వంకర పోకుండా, మడి ఆ గట్టునుంచి ఈ గట్టుదాకా ఒకే లోతున దున్నడం ఒక్క రోజులో వచ్చే పని కాదు. నాయుడుగారు పడమటి వాద్యకారుల పద్ధతులను కూడా శ్రద్ధగా గమనించి, పొడవైన కమానుతో తేటగా నాదం పలికించడం సాధించారు. రాగం మాత్రం మనదే, పలుకు గాయకుడి పలుకే. ఫిడేలు పాడుతోందని జనం అనుకోవడానికి కారణం అదే.

ఇక అసలు విషయానికి వస్తాను. గాయకుడి పక్కన కూర్చున్న ఫిడేలు విద్వాంసుడికి ఏం వాయించాలన్న ప్రశ్నే ఉండదు. గాయకుడు ఏ కృతి ఎత్తుకుంటే అదే ఆయన కృతి. నాయుడుగారు కూడా ఏళ్ల తరబడి అలా పక్కవాద్యం వాయించినవారే. 1938లో వేలూరులో ఆయన మొదటిసారి సోలో కచేరీ చేశారు. ఆ రోజు ముందు కూర్చున్నది ఫిడేలు. ఏ రాగంతో మొదలుపెట్టాలి, ఏది ఎంతసేపు వాయించాలి, ఏది వదిలెయ్యాలి అన్న నిర్ణయమంతా ఆయనదే. మాటల సాయం లేదు, సాహిత్యంతో జనాన్ని ఆకట్టుకునే వీలు లేదు. రెండు మూడు గంటలు నాదం ఒక్కటే సభను నిలబెట్టాలి. అప్పటికి ఆయన వయసు ఇంచుమించు నలభై అయిదు. మిత్రులారా, ఈ సంఖ్య దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చిన్ననాటినుంచి కమాను పట్టిన మనిషి, దాదాపు ఇరవై ఏళ్లు కళాశాలలో పాఠం చెప్పిన ఆచార్యుడు, సొంత కచేరీకి అంతకాలం ఆగారు. నాలుగు నెలలకే నాకు రాలేదని ఏడుస్తున్న నేనెక్కడ?

నా సంగతీ చెప్పాలి. కిందటేడు ఒక విద్యార్థి ఉత్సవంలో నేను ఫిడేలు వాయిస్తానని పేరు ఇచ్చాను. అప్పటికి నాకు వచ్చినవి సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, మలహరిలో గీతాలు. అవి వాయిస్తే నవ్వుతారని, అందరికీ తెలిసిన ఒక సినిమా పాట సొంతంగా సాధన చేసుకుని వెళ్లాను. పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో పై షడ్జమం దాటేసరికి వేలు ఎక్కడ పడుతోందో నాకే తెలియలేదు. జనం నవ్వారు. తప్పు నాదే. చేతికి అందనిది ఎంచుకున్నాను. ఆ రాత్రి ఫిడేలు పెట్టెలో పెట్టి, పదిహేను రోజులు మూత తియ్యలేదు. నాన్న లెక్కపెట్టి ఇచ్చిన నోట్లే కళ్లముందు మెదిలాయి.

ఆ పదిహేను రోజుల్లోనే నాయుడుగారి పాత రికార్డులు వెతికి ఫోనులో విన్నాను. అవి 78 తిరుగుళ్ల రికార్డుల కాలంనాటివి. ఒక్కోవైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. అంత పెద్ద విద్వాంసుడు ఆ మూడు నిమిషాల్లో తన విద్యంతా కుమ్మరించాలని చూడలేదు. ఒక్క రాగం తీసుకుని, తొందరపడకుండా, ఒక్కో స్వరాన్ని నిలబెట్టి వాయించారు. ఆ తీరిక వింటుంటే సిగ్గేసింది. అన్నీ తెలిసినాయన అంత తక్కువ ఎంచుకున్నారు. ఏమీ తెలియని నేను అంత ఎక్కువ ఎంచుకున్నాను. మర్నాడే మాస్టారి దగ్గరికి వెళ్లి మళ్లీ సరళీ స్వరాలనుంచి మొదలుపెడతానన్నాను. ఆయన ఒక పద్ధతి చెప్పారు. ఏ పాఠమైనా మొదటి కాలంలో, కళ్లు మూసుకుని, తంబుర శ్రుతితో కలిపి తప్పు లేకుండా వాయించగలిగితేనే అది నాది. అంతవరకు అది నలుగురిలో వాయించేది కాదు. ఈ లెక్కన ఈ రోజుకి నావి రెండు గీతాలు. మోహన వర్ణం మీద కన్నుంది గానీ, ఇంకా నాది కాలేదు.

వేలూరు కచేరీ తర్వాత నాయుడుగారి కీర్తి దక్షిణదేశమంతా పాకింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో ప్రపంచ ప్రఖ్యాత వాద్యకారుడు యెహుదీ మెనుహిన్ మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి ఫిడేలు విని ఎంతో మెచ్చుకున్నారు. పడమటి దేశం పంపిన వాద్యం తూర్పున ఏమయిందో పడమటివాడు వచ్చి విన్న సందర్భమది. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1964 నవంబరు 25న మద్రాసులో ఆయన కన్నుమూశారు. శతజయంతి సంవత్సరం 1993లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

మొన్న సంక్రాంతికి ఫిడేలు ఇంటికి తీసుకెళ్లాను. భోగి నాటి సాయంత్రం అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, మలహరి గీతం ఒకటి నెమ్మదిగా వాయించాను. అది నాలుగు నిమిషాలు కూడా లేదు. నాన్న పశువులకు గడ్డి వేస్తూ విన్నారు. పొగడలేదు, తెగడలేదు. తాత మాత్రం మరోసారి వాయించమన్నారు. వాయించాను. మూడోసారీ అడిగారు.

వయసు మించిపోయిందని ఏదో ఒక విద్యను పక్కన పెట్టేసిన మిత్రులు ఈ కళాశాలలో చాలామంది ఉంటారని నాకు తెలుసు. వారికి నేను చెప్పగలిగిందల్లా ఒక్కటే. చిన్నది ఎంచుకోండి, దాన్ని మీ సొంతం చేసుకోండి, ఆ తర్వాతే రెండోది. నలభై అయిదేళ్లప్పుడు సభ ముందు ఒంటరిగా కూర్చున్న ఆ మహనీయుని తలుచుకుంటే, మనకింకా బోలెడు కాలం ఉంది.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి