శ్రీ మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

మన బాలురలో ననేకులు నేడు ఇంజనీరింగు కళాశాలలలో జదువుచున్నారు. గణితమును, పటలేఖనమును శ్రద్ధతో నభ్యసించుచున్నారు. కాని పట్టము చేతికి వచ్చిన పిదప పనిని నడపు నేర్పు వేఱొకటి కావలయును. అది యెట్టిదో తెలియుటకు విశ్వేశ్వరయ్యగారి జీవితముకంటె మంచి నిదర్శనము లేదని తలచి, దానిని సంగ్రహముగ నిచట వ్రాయుచున్నాము.

వీరి పూర్వులు తెలుగునాటి మోక్షగుండ గ్రామవాసులు. వీరు మైసూరుసీమలోని ముద్దేనహళ్ళిలో జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృతపండితులు. బాల్యముననే పితృవియోగము కలుగగా, పిల్లలకు జదువు చెప్పుకొనుచు బెంగుళూరులో విద్య సాగించి 1881లో బి.ఏ. పట్టమును, పూనాలో 1883లో ఇంజనీరింగు పట్టమును బొందిరి. మఱుసటి యేట బొంబాయి ప్రభుత్వపు గొలువున బ్రవేశించిరి. 1903లో ఖడక్‌వాస్లా జలాశయమునకు, నీటిమట్టము ననుసరించి తమంత దామే తెఱచుకొని మూసుకొను తలుపులను కల్పించి యమర్చిరి.

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొనెను. మఱుసటి యేట నైజాము ప్రభుత్వమువారు వీరిని రప్పించిరి. ఒడ్డున గోడ యెత్తించిన జాలునని సామాన్యులకు దోచును. వీరట్లు తలపలేదు. వర్షపాతపు లెక్కలు సేకరించి, ఎగువ ప్రాంతమెల్ల బరిశీలింపగా, నచట 788 చెఱువులు గలవనియు, వానిలో 221 గండిపడి తెగినవనియు దేలెను. వరదకు మూలము నగరమున గాక ఎగువన నున్నది. కావున మూసీపై నొకటి, యీసీపై నొకటి జలాశయములు గట్టి వరదను పైననే యాపవలెనని సూచించిరి. ఆ నీరే నగరమునకు ద్రాగునీరుగను నుపకరించెను.

ఇచట మేము ముఖ్యముగ గమనింపగోరునది యొకటి కలదు. 1909లోనే వీరు మైసూరు ప్రధాన ఇంజనీరుగా వెడలిపోయిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను ఇతరుల చేతిమీదుగ బూర్తియయ్యెను. తాము దగ్గఱ లేకున్నను పని నిలువకుండునట్లు కారణములు, కొలతలు, మార్గము స్పష్టముగ వ్రాసియిచ్చుటయే వీరి నేర్పు.

పిదప 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగా నుండిరి. 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల వీరి కృషివలననే నెలకొనెను. 1955లో భారతరత్న బిరుదము నంది, నూఱేండ్లు నిండిన పిదప 1962లో దివంగతులైరి.

మన విద్యార్థులు పటము గీయుటకు ముందు క్షేత్రమును జూచుటయు, తమ వెనుక వచ్చువారికి దెలియునట్లు వ్రాయుటయు వీరివలన నేర్తురుగాక యని కోరుచున్నాము.