డిచ్‌పల్లిలో చాచిన చెయ్యి

నూరేళ్ల క్రితం మన పల్లెల్లో పెద్దరోగం అన్న మాట వినిపిస్తే చాలు, తలుపులు మూసుకునేవి. సొంతవారే దూరం పెట్టేవారు. రోగికి ఊరి బయట గుడిసే గతి, భిక్షాటనే బతుకు. అలాంటివారి దగ్గరికి తనంతట తానుగా నడిచి వెళ్లిన ఒక వైద్యురాలి జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం. ఆమె డాక్టర్ ఇసబెల్ కెర్.

1875లో స్కాట్లాండ్‌లోని ఒక రైతు కుటుంబంలో ఆమె పుట్టారు. ఆడపిల్లలు డాక్టరు చదువు చదవడమే అరుదైన ఆ కాలంలో అబెర్డీన్ విశ్వవిద్యాలయం నుంచి 1903లో వైద్య పట్టా పొందారు. 1907లో భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషనరీగా నిజాం రాజ్యానికి వచ్చారు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు సేవ చేస్తున్న రోజులవి. కెర్ దంపతులకు నిజామాబాద్ పరిచర్య స్థలమైంది.

అక్కడ కుష్ఠురోగులకు ఆశ్రయం గాని, చికిత్స గాని లేవని ఆమె గ్రహించారు. 1911లో వారికోసం నిజామాబాద్‌లో చిన్న ఆశ్రమం తెరిచారు. రెండేళ్లు తిరిగేసరికి అది చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్దమొత్తంలో విరాళమిచ్చి ఆదుకున్నారు. ఆ సాయంతో 1915లో డిచ్‌పల్లిలో కొత్త ఆశ్రమం వెలిసింది. కామారెడ్డి నుంచి నిజామాబాద్‌కు రైల్లో వెళ్లేవారందరికీ తెలిసిన ఊరే అది. కాలక్రమంలో నాలుగు వందల మందికి పైగా రోగులకు అది ఇల్లయింది.

ప్రియులారా, ఇక్కడ మనం ఒక సంగతి ఆలోచించాలి. ఆశ్రమం తెరిచిననాడు డాక్టరమ్మ చేతిలో ఆ రోగాన్ని కుదిర్చే మందు లేదు. రోగక్రిమిని హాన్సెన్ అనే నార్వే వైద్యుడు 1873లోనే కనుగొన్నా, దాన్ని చంపే ఔషధం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. చాల్‌మోగ్రా నూనె తాగించేవారు. దానితో వాంతులు వచ్చేవి, గుణం మాత్రం అంతంతే. బాగుచేయగలిగిన రోగి దగ్గరికి వెళ్లడానికి డాక్టరుకు చదువు చాలు. బాగుచేయలేని రోగి దగ్గరికి, అదీ అందరూ అంటుతుందని భయపడే రోగి దగ్గరికి, ప్రతి ఉదయం వెళ్లాలంటే చదువు ఒక్కటే చాలదు. ఆ ధైర్యం ఎక్కడిది?

మత్తయి సువార్త 8వ అధ్యాయంలో రెండు స్వస్థతలు పక్కపక్కనే ఉన్నాయి. శతాధిపతి దాసుణ్ణి ప్రభువు దూరం నుంచే, ఒక్క మాటతో బాగుచేశాడు. దానికి ముందు వచ్చిన కుష్ఠరోగిని కూడా మాటతోనే బాగుచేయగలడు. అయినా చెయ్యి చాపి అతణ్ణి ముట్టాడు. పాళెము వెలుపల ఉండవలసినవాడని ధర్మశాస్త్రం చెప్పిన మనిషిని (లేవీ 13:46) ముట్టాడు. శుద్ధి ఆ తరువాత జరిగింది, స్పర్శ ముందు జరిగింది. డాక్టర్ కెర్ నడిచింది ఆ వరుసలోనే. మందు దొరికేదాకా ఆగి ఆ తరువాత ప్రేమించలేదు. ముందు చెయ్యి చాపారు, మందు కోసం వెదకుతూనే ఉన్నారు.

ఆ వెదుకులాట వృథా కాలేదు. 1920 దశకంలో కలకత్తాలో పరిశోధన చేస్తున్న డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ చాల్‌మోగ్రా జాతి నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరిచారు. ఆ చికిత్సను డిచ్‌పల్లిలో అమలుచేసి, ముందుకు నడిపినవారిలో డాక్టర్ కెర్ ఒకరు. నెలల తరబడి పొడిపించుకోవలసిన బాధాకరమైన సూదులవి. పూర్తి పరిష్కారం కాకపోయినా, చావు కోసం ఎదురుచూసే చోటు ఆసుపత్రిగా మారింది. 1923లో కెర్ దంపతులిద్దరికీ ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకమిచ్చి గౌరవించింది. 1932లో ఆమె డిచ్‌పల్లిలోనే ప్రభువునందు నిద్రించారు. రోగాన్ని నిజంగా లొంగదీసిన డాప్సోన్ 1940 దశకంలో గాని రాలేదు, బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. విత్తినామె కోతను చూడలేదు.

నేడు ఈ వ్యాధికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులున్నాయి. రోగ తీవ్రతను బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వాడితే నయమవుతుంది. భయం మాత్రం మందుకంటే నెమ్మదిగా కదిలింది. కుష్ఠువ్యాధిని విడాకులకు కారణంగా చూపే నిబంధనలు మన వివాహ చట్టాల నుంచి తొలగింది 2019లో.

మహమ్మద్‌నగర్, నిజాంసాగర్, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఇల్లిల్లూ తిరిగి పరిచర్య చేసే సేవకులు, బైబిల్ స్త్రీలు, ఆరోగ్య కార్యకర్తలు నేటికీ ఇలాంటి గడపలే తొక్కుతారు. ఒక ఇంట్లో క్షయ, మరో ఇంట్లో హెచ్‌ఐవీ, ఇంకో ఇంట్లో తాగుడు, వేరొక ఇంట్లో అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతు భార్య. మన దగ్గర వారి సమస్యకు జవాబు లేదని, వెళ్లి ఏం చెప్పాలని వెనుకాడుతుంటాం. జవాబు చేతికొచ్చేదాకా ఆగాలన్న నియమం ప్రభువు పెట్టలేదు. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని యోహాను రాశాడు (1 యోహాను 4:18). జాగ్రత్తలు వద్దని దానర్థం కాదు, డాక్టర్ కెర్ వైద్యురాలిగానే వెళ్లారు. భయం ఉన్నా అడుగు వేయడానికి ప్రేమ బలమిస్తుంది.

మన సంఘంలో, మన వీధిలో ఎవరూ పలకరించని ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఆ ఇంటికి వెళ్దాం. మాటలు దొరకకపోతే పక్కన కూర్చుందాం. ముందుగా చెయ్యి చాపిన ప్రభువు అక్కడ మనతో ఉంటాడు.