రాష్ట్రపతి వి. వి. గిరి

వరాహగిరి వేంకటగిరిగారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన గంజాం జిల్లాయందలి బరంపురములో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. 1913లో న్యాయశాస్త్రము చదువుటకై డబ్లిన్ నగరమునకు వెళ్లిరి. ఐరిషువారి స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము కలిగియున్నందున 1916లో ఆ దేశమును విడువవలసి వచ్చెను. స్వదేశమున న్యాయవాదియై, పిదప రైలు కార్మికులను సంఘటితపరచిరి.

1952లో వారు కేంద్ర ప్రభుత్వమున కార్మికశాఖామంత్రి అయిరి. బ్యాంకు ఉద్యోగుల జీతములపై న్యాయస్థానమిచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, అది సమ్మతముగాక 1954లో పదవిని వదలిరి. మనదేశమున మంత్రులందరు కలిసి లోకసభకు బాధ్యులు. సమ్మతింపని మంత్రి వెలుపలికి రావలసినదే. అమెరికాలో అట్లుగాదు. అచ్చట అధ్యక్షుడే ప్రభుత్వమునకు అధిపతి. మంత్రులు ఆయనకు మాత్రమే బాధ్యులు, శాసనసభలో సభ్యులుగా ఉండరాదు.

1967లో గిరిగారు ఉపరాష్ట్రపతి అయిరి. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు మరణించిరి. అమెరికాలో 1963లో కెన్నెడీ హతుడు కాగా, ఉపాధ్యక్షుడు జాన్సన్ మిగిలిన కాలమంతటికి తానే అధ్యక్షుడయ్యెను. మన రాజ్యాంగము ప్రకారము ఉపరాష్ట్రపతి తాత్కాలికముగా పనిచేయును. ఆరు మాసములలోపల కొత్త ఎన్నిక జరుగవలెను.

ఆ ఎన్నికలో గిరిగారు తామే నిలువ నిశ్చయించిరి. కాంగ్రెసు అభ్యర్థి మరియొక తెలుగువారు, నీలం సంజీవరెడ్డిగారు. జూలై 20న గిరిగారు చేతనున్న పదవులు రెంటిని విడిచిరి. గెలుపు నిశ్చయము కాదు. ఓడినచో ఏ పదవియు మిగులదు. మరి దేశమున రాష్ట్రపతియు లేడు, ఉపరాష్ట్రపతియు లేడు! అదృష్టవశమున ఇట్టి లోటునకై పార్లమెంటు ఆ మే నెలలోనే ఒక చట్టము చేసియుండెను. దానిననుసరించి ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు ఆ బాధ్యతను వహించిరి.

ఈ ఎన్నికలో సామాన్య ప్రజ నేరుగా ఓటు వేయదు. నేడు పెద్దేముల్ రైతునే చూడుడు. ఆయన ఓటుతో గెలిచిన తాండూరు శాసనసభ్యుడును, చేవెళ్ల పార్లమెంటు సభ్యుడును ఆయన పక్షమున రాష్ట్రపతి ఎన్నికలో పాల్గొందురు. ఓటరు తనకు నచ్చినవారిని వరుసగా గుర్తింపవలెను. 1969 ఆగస్టు 20న లెక్కింపులో మొదటి గుర్తింపులతో ఎవరికిని చాలినన్ని రాలేదు. తక్కువ వచ్చినవారిని తొలగించి, వారి ఓట్లలోని రెండవ గుర్తింపులను కలుపగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చెను. ఆగస్టు 24న గిరిగారు ప్రమాణము చేయగా హిదయతుల్లాగారు తమ న్యాయాసనమునకు మరలిరి.

ఆ ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసిరి. రాష్ట్రపతిగా ఉండియు గిరిగారు స్వయముగా వెళ్లి సాక్ష్యమిచ్చిరి. 1970లో కోర్టు ఆ వ్యాజ్యమును కొట్టివేసెను. మంత్రిమండలి చెప్పినదానికెల్ల వారు తలయూపిరని విమర్శ కలదు. కాని మన రాష్ట్రపతికి అమెరికా అధ్యక్షునివలె స్వతంత్రముగా పరిపాలించు అధికారము లేదని విమర్శకులు మరువరాదు.

1974 ఆగస్టులో గిరిగారి పదవీకాలము ముగిసెను. మరుసటి యేడు భారతరత్న బిరుదము లభించెను. 1980 జూన్ నెలలో వారు మద్రాసులో పరమపదించిరి.