కీర్తిశేషురాలు పసుపులేటి కన్నాంబ

వసంతపంచమినాడు వర్గల్ గుట్టపై వెలసిన విద్యాసరస్వతీ సన్నిధికి పోయి చూచినవారికి ఒక దృశ్యము మనసున నాటుకొనును. తల్లిదండ్రులు పసిబిడ్డలను ఒడిలో కూర్చుండబెట్టుకొని, వారి చిట్టిచేతులను పట్టి తొలి అక్షరములు దిద్దించుచుందురు. చదువురాని కాపుదనపువారు సైతము తమ బిడ్డకు చదువబ్బవలెనని దూరగ్రామములనుండి ఆ కొండకు వత్తురు. అక్షరముపట్ల మనవారికి గల ఈ భక్తి కొనియాడదగినదే. కాని సరస్వతి కేవలము లిపికి అధిదేవత కాదు. ఆమె వాగ్దేవి. వ్రాతకు ముందు పలుకు పుట్టినది. వ్రాసిన అక్షరమునకు మ్రొక్కు మనము, ఆ అక్షరమును నోరార పలికి లక్షలాది నిరక్షరాస్యులకు భాషాసౌష్ఠవమును వినిపించినవారిని ఏపాటి తలచుకొనుచున్నాము? ఈ ప్రశ్న మాకు పుట్టినపుడు తొలుత స్ఫురించిన నామము చలనచిత్ర నటీమణి పసుపులేటి కన్నాంబది. ఆమె గతించి ఆరు దశాబ్దములు దాటినది. ఆమె చరిత్రను నేటి పాఠకులకు జ్ఞప్తిచేయుట మా విధియని తలంచుచున్నాము.

సభలో తెలుగు పలుకునకు గౌరవము లేని దినములు కొన్ని మన తెలంగాణమున గడచినవి. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభ్యులు కొందరు గేలిచేసి అడ్డుపడిరి. ఆ అవమానమే ఆంధ్రజనసంఘమునకు బీజమయ్యెను. 1930లో మెదకు మండలమునందలి జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగెను. పురుషుడు, అందును విద్యావంతుడు, సభలో తన మాతృభాష పలుకుటకే ఇంతటి యిక్కట్టు ఉన్నపుడు, స్త్రీ సభామధ్యమున నిలిచి నోరు విప్పుట ఎంతటి సాహసమో చెప్పనేల? కన్నాంబ జీవితము ఈ సాహసమునకు సంబంధించినది. అందుచేతనే ఆమె కథ వట్టి సినిమాకథ కాదని మేము భావించుచున్నాము.

కన్నాంబ 20వ శతాబ్దపు రెండవ దశాబ్దారంభమున జన్మించెను. ఆమె బాల్యము ఏలూరునందు గడచెను. చిన్ననాడే సంగీతము నేర్చినది, నాటకములనిన చెవి కోసికొనెడిది. నాటి రంగస్థలమున స్త్రీపాత్రలను పురుషులు ధరించుట వాడుక. స్థానము నరసింహారావుగారి వంటి మహానటులు స్త్రీవేషములందే అఖండఖ్యాతి గడించిరి. కులస్త్రీ రంగమెక్కుట తప్పనియు, రంగమెక్కినది కులస్త్రీ కాదనియు లోకము తీర్పు చెప్పుచుండెను. అట్టి కాలమున కన్నాంబ నాటకరంగమున ప్రవేశించి చంద్రమతి మున్నగు పాత్రలను ధరించి జనుల మన్నన పొందెను. పద్యమును రాగములో ముంచివేయక, అర్థము శ్రోతకు అందునట్లు పలుకుట ఆమె నాడే అలవరచుకొన్న సుగుణము.

ఇంతలో చలనచిత్రమునకు మాట వచ్చెను. 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రదర్శితమయ్యెను. మూకీల కాలమున ముఖము చాలెడిది. టాకీకి కంఠము కావలసివచ్చెను. కన్నాంబ 1935లో హరిశ్చంద్ర చిత్రమున అద్దంకి శ్రీరామమూర్తిగారి సరసన చంద్రమతియై వెండితెరకు వచ్చెను. మరుసటి సంవత్సరమున తెలుగుదేశమున వింత పోటీ యొకటి జరిగెను. ద్రౌపదీ వస్త్రాపహరణము, ద్రౌపదీ మానసంరక్షణము అను రెండు చిత్రములు ఒకే కథతో ఒకే ఏట వెలువడెను. రెండవదానియందు నటనాగ్రేసరుడు బళ్ళారి రాఘవగారే యున్నను, జనులు కన్నాంబ ద్రౌపదియై నటించిన మొదటి చిత్రమునకే పట్టముగట్టిరి. కౌరవసభలో వృద్ధులు తలలు వంచుకొని యుండగా, తన్నోడిన భర్తకు తన్ను పణమొడ్డు నధికారము కలదా యని ధర్మసందేహము నడుగునది ద్రౌపది. ఆ ప్రశ్నను మన ఇల్లాండ్రు పురాణకాలక్షేపములందు వినియుండిరి. ఒక స్త్రీ కంఠమునుండి అది టాకీ యంత్రమున ఖంగున మ్రోగుట వినుట మాత్రము వారికి నూతనానుభవము.

1938లో హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన గృహలక్ష్మి ఈ ప్రశ్నను పురాణమునుండి మన వీధిలోనికి తెచ్చెను. రంగూన్ రౌడీ యను నాటకము దీనికి మూలము. వైద్యుడొకడు వారకాంత వలలోబడి, మధువునకు దాసుడై, సాధ్వియగు భార్యను విడనాడును. వేశ్యపాత్రను కాంచనమాల, భార్యపాత్రను కన్నాంబ ధరించిరి. చిత్తూరు నాగయ్యగారికి అదియే తొలిచిత్రము. అందు ఆయన కల్లు మానుమని ప్రబోధించుచు పాడిన పాట ఇంటింట మ్రోగెను. చెన్నరాష్ట్రమున రాజాజీ మంత్రివర్గము 1937లో సేలము మండలమున మద్యనిషేధమును ప్రారంభించియుండెను. గాంధీమహాత్ముని ఉపదేశము గ్రామగ్రామమునకు ప్రాకుచున్న దినములవి. ఇట్టి తరుణమున, మతి చలించి వీధులవెంట పరుగులిడుచు, ధర్మమేమైనది, న్యాయమేమైనదని ఎలుగెత్తి అడుగు ఇల్లాలిగా కన్నాంబను చూచి ప్రేక్షకులు కంటతడి పెట్టిరి. మద్యనిషేధమును గూర్చి పత్రికలలో మావంటివారము వ్రాసిన వ్రాతలు చదువరులకే చేరినవి. ఆ యిల్లాలి ఆక్రోశము చదువురానివారి గుండెలను సైతము తాకినది.

కన్నాంబ ఖ్యాతి తెలుగుదేశపుటెల్లలతో ఆగలేదు. 1941లో అశోక్ కుమార్ అను తమిళచిత్రమున ఆమె, సవతి కుమారుడగు కుణాలుని మోహించి వాని కన్నులు పోవుటకు కారకురాలైన తిష్యరక్షితగా నటించెను. సాధ్వీపాత్రలకే పేరువడసిన నటి అట్టి పాత్రకు సాహసించుట సామాన్యము కాదు. ఆ మరుసటి యేడు, అనగా 1942లో, జూపిటర్ వారి కణ్ణగి వెలువడెను. శిలప్పదికారము తమిళుల హృదయపీఠమున నిలిచిన కావ్యము. అందలి నాయికగా తెలుగువనితను ఎన్నుకొనుటయే ఒక విశేషము. కన్నాంబ మాతృభాష తమిళము కాదు. ఇళంగోవన్ గారు ప్రౌఢమైన తమిళమున రచించిన సంభాషణలను ఆమె తెలుగులిపిలో వ్రాయించుకొని, కంఠస్థము చేసి పలికెను. నేరములేని భర్తను చంపించిన పాండ్యరాజు సభలోనికి జుట్టు విరబోసికొని వచ్చి, అందెను పగులగొట్టి, రాజును దోషిగా నిలబెట్టు కణ్ణగిని ఆమెయందు చూచి తమిళులు పరవశించిరి. ఆమె ఉచ్చారణను వారే మెచ్చుకొనిరి. భాషలపేరిట కలహించుకొను వారికి ఇది ఒక పాఠము. పరభాషను గౌరవముతో నేర్చి పలికినవారిని ఆ భాషవారు తమవారిగనే చేర్చుకొందురు.

కన్నాంబ పాత్రలలో మన తెలంగాణమునకు దగ్గరి చుట్టమైనది నాయకురాలు నాగమ్మ. గూడవల్లి రామబ్రహ్మముగారు ప్రారంభించి, 1946లో ఆయన మరణింపగా ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేసిన పల్నాటియుద్ధము 1947లో విడుదలయ్యెను. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావుగారును, బాలచంద్రుడుగా అక్కినేని నాగేశ్వరరావుగారును నటించిరి. నాగమ్మ కరీంనగరు సీమయందలి ఆర్వెల్లిలో పుట్టినదని జనశ్రుతి కలదు. పల్నాటి వీరకథను పాడువారు ఆమెను కలహకారిణిగనే చెప్పుదురు. కాని కన్నాంబ నాగమ్మను వట్టి దుష్టురాలిగా చూపక, రాజ్యతంత్రమెరిగిన మంత్రిణిగా, పురుషులనిండిన సభలో తలయెత్తి తీర్పు చెప్పగల ధీరగా నిలిపెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆ సంవత్సరముననే ఒక స్త్రీని రాజ్యాధికారపీఠమున చూచుట ప్రేక్షకులకు తటస్థించెను.

నటిగా మాత్రమే కాక సంస్థానిర్వాహకురాలిగను కన్నాంబ స్మరణీయురాలు. భర్త కడారు నాగభూషణముగారితో గూడి ఆమె తొలుత నాటకసమాజమును నడపి, పిదప శ్రీ రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీని స్థాపించెను. 1941 నాటి తల్లిప్రేమ మొదలుకొని, 1951 నాటి సౌదామిని, 1962 నాటి దక్షయజ్ఞము వరకు ఆ సంస్థ తెలుగు తమిళములందు పెక్కు చిత్రములను నిర్మించెను. ఆ కంపెనీలో పనివారికి నెల మొదటితేదీననే జీతము ముట్టెడిదని చిత్రసీమవారు నేటికిని చెప్పుకొందురు. చిత్రము నష్టపడినదను మిషతో పనివారి కూలిని ఎగవేయుట పరిపాటియైన వ్యాపారమున ఇది చిన్న సంగతి కాదు. పంట చేతికి రాలేదను నెపమున పాలేరు జీతపుగింజలను ఆపు భూస్వాములు ఈ విషయమును గమనింతురుగాక.

వయసు మీరినపిదప ఆమె మాతృపాత్రలకు మారెను. 1954లో మనోహరయందు, సంకెళ్ళలోనున్న కుమారుని అంతవరకు వారించి, తుదకు విజృంభింపుమని ఆజ్ఞాపించు రాణి పద్మావతిగా ఆమె నటించెను. కరుణానిధిగారి సంభాషణలును, శివాజీ గణేశన్ గారి నటనమును ఆ చిత్రమునకు ఎంత పేరు తెచ్చినవో, కన్నాంబ కంఠమును అంత పేరు తెచ్చెను. 1955లో అనార్కలియందు జోధాబాయి, 1963లో లవకుశయందు కౌసల్య ఆమె కడపటి దశాబ్దపు పాత్రలలో చెప్పదగినవి. 1964 మే 7వ తేదీన ఆమె పరమపదించెను.

కన్నాంబ ధరించిన పాత్రలలో పెక్కులు పతివ్రతలవి. భర్త యెంతటి దుర్మార్గుడైనను భార్య సహించవలెనను నీతినే ఆ చిత్రములు బోధించినవని నేటివారు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. గృహలక్ష్మి వంటి చిత్రములు ఇల్లాలికి విడుదలమార్గమును చూపలేదు. అయినను చంద్రమతి, ద్రౌపది, కణ్ణగి, పద్మావతి అను పాత్రల వరుసను చూడుడు. కష్టము వచ్చినపుడు వీరెవ్వరును మూలగదిలో ఏడ్చి ఊరుకొనలేదు. రాజు ఎదుటనో, సభ ఎదుటనో, లోకము ఎదుటనో నిలిచి అడిగిరి. కథ సహనమును బోధించినను కన్నాంబ కంఠము న్యాయమును కోరెను. ప్రేక్షకస్త్రీలు కథతోపాటు ఆ కంఠమును గూడ ఇంటికి తీసికొనిపోయిరి.

ఆమెకు లోకము చెల్లించిన ప్రతిఫలమేమి? ఆమె ధరించిన నగల తీరును చూచి కన్నాంబ లోలాకులని పేరుపెట్టి మన యువతులు ధరించిరి. ఆమె బొమ్మను గోడలకు తగిలించుకొనిరి. ఆ గృహస్థులే తమ బిడ్డ నాటకమాడెదననిన తలుపు మూసిరి. తెరపై సాధ్విగా పూజించి, తెరవెలుపల నటియని చిన్నచూపు చూచు ఈ రెండునాల్కల ధర్మము మన నాగరకతకు మచ్చ. అది నేటికిని పూర్తిగా తొలగలేదు.

అంతకుమించిన అపరాధము మరియొకటి కలదు. నాటి చిత్రములు నైట్రేటు ఫిలిముపై ముద్రింపబడెడివి. అది వేడికి మండును, తేమకు చివుకును. చిత్రము ఆడుట ముగిసిన పిమ్మట ఆ చుట్టలను కరగించి అందలి వెండిని తీసి అమ్ముకొన్నవారును కలరు. 1930 దశాబ్దమున వెలువడిన తెలుగు టాకీలలో పెక్కింటికి నేడు ప్రతి లేదు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండారము 1964లో, అనగా కన్నాంబ కన్నుమూసిన సంవత్సరముననే స్థాపితమయ్యెను. అప్పటికే ఆలస్యమయ్యెను. తాళపత్రములకై ఊరూర తిరిగి గ్రంథములను రక్షించిన మహనీయులు మన జాతియందు కలరు. పలుకును రక్షించుటకు అట్టివారు సకాలమున లేకపోయిరి.

శేషించినదానినైన కాపాడుట మన చేతిలోని పని. పట్టణములందు పాత సినిమాహాళ్ళు కలవారు, పల్లెలయందు పెద్దల పెట్టెలు కలవారు ఒకమారు వెదకి చూడవలెను. ఫిలిముచుట్టయో, గ్రామఫోను రికార్డో, పాటల పుస్తకమో దొరకినయెడల దానిని తుక్కువానికి వేయక భాండారమునకో విశ్వవిద్యాలయమునకో అందజేయవలెను. ప్రభుత్వము పాతచిత్రముల పునరుద్ధరణకు ప్రతియేట కొంత ధనమును కేటాయింపవలెను. పాఠశాలలందు పద్యపఠనము నేర్పు ఉపాధ్యాయులు లభ్యమైన చిత్రములనుండి కన్నాంబ వాచికమును పిల్లలకు వినిపింపవలెను.

వర్గల్ కొండపై బిడ్డచేత తొలి అక్షరము దిద్దించు తల్లిదండ్రులకు మా విన్నపమొక్కటే. ఆ బిడ్డకు వ్రాయుట నేర్పినట్లే, సభలో నిలిచి బెదరక తన భాషను పలుకుటయు నేర్పుడు. ఆ బిడ్డ ఆడుబిడ్డయైనచో మరింత శ్రద్ధతో నేర్పుడు.