యుద్ధం వద్దనుకొని ద్వీపాలకు ఏలిక అయిన అధ్యక్షుడు – విలియం మెకిన్లీ

అమెరికా సంయుక్త రాష్ట్రాలు బ్రిటిష్ రాజు పాలనను ధిక్కరించి 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న దేశం. పాలితుల సమ్మతి లేనిదే పాలన చెల్లదన్నది ఆ ప్రకటనకు ప్రాణం. అట్టి దేశం 1898వ సంవత్సరంలో, నాలుగు నెలలైనా నిండని ఒక యుద్ధంతో, సముద్రాల ఆవల నివసించే లక్షలాది ప్రజలకు ఏలిక అయింది. ఆనాడు అధ్యక్ష పీఠంపై ఉన్నవారు విలియం మెకిన్లీ. ఆయన క్రూరుడు కారు, రాజ్యకాంక్షతో రగిలిపోయినవారూ కారు. మృదుభాషి, దైవభక్తి గలవారు, వ్యాధిగ్రస్తురాలైన భార్యను కంటికి రెప్పలా కాపాడుకున్న గృహస్థు. అటువంటి మనిషి సంతకంతోనే ఇన్ని ద్వీపాల తలరాత, అక్కడివారిని ఒక్కమాట అడగకుండానే మారిపోవడం ఆయన చరిత్రలోని విశేషం, విషాదం కూడా.

మెకిన్లీ 1843 జనవరి 29న ఒహాయో రాష్ట్రంలోని నైల్స్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి ఇనుము కరిగించే కొలిముల వ్యాపారంలో ఉండేవారు. కళాశాలలో చేరినా అనారోగ్యం వలన, ఇంటి ఆర్థిక ఇబ్బందుల వలన చదువు ముందుకు సాగలేదు. కొంతకాలం పల్లె బడిలో పాఠాలు చెప్పారు. తపాలా కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశారు. 1861లో అంతర్యుద్ధం మొదలు కాగానే 18 ఏళ్ల వయసులో సామాన్య సిపాయిగా సైన్యంలో చేరారు. 1862 సెప్టెంబరు 17న ఆంటీటమ్ వద్ద జరిగిన పోరులో, ఒక్కరోజులోనే ఇరుపక్షాలవారు సుమారు 23,000 మంది మరణించడమో, గాయపడడమో, జాడ తెలియకుండా పోవడమో జరిగింది. భోజన సామగ్రి చూసే సార్జెంటుగా ఉన్న మెకిన్లీ ఆనాడు గుండ్ల వర్షం మధ్య బండి తోలించుకొని వెళ్లి, అలసిన సైనికులకు వేడి కాఫీ, ఆహారం అందించారు. 1865లో మేజర్ హోదాతో ఇల్లు చేరారు. శవాల గుట్టలను కళ్లారా చూసిన ఆయనకు యుద్ధం పట్ల కలిగిన విముఖత కడవరకు పోలేదు.

అటుపిమ్మట న్యాయశాస్త్రం చదివి, కాంటన్ పట్టణంలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. 1871లో ఐడా సాక్స్‌టన్‌ను వివాహమాడారు. వారికి ఇద్దరు ఆడపిల్లలు పుట్టి, ఇద్దరూ పసితనంలోనే కన్నుమూశారు. ఆ దుఃఖంతో ఐడా ఆరోగ్యం చెడింది, మూర్ఛవ్యాధి పట్టుకొంది. అధ్యక్షుడైన తరువాత కూడా మెకిన్లీ విందులలో ఆచారాన్ని పక్కనపెట్టి భార్యను తన పక్కనే కూర్చోబెట్టుకునేవారు. ఆమెకు మూర్ఛ వస్తే ముఖంపై రుమాలు కప్పి, తేరుకునేదాకా ఏమీ జరగనట్టే సంభాషణ సాగించేవారు.

1877లో ఆయన అమెరికా కాంగ్రెసు సభ్యులయ్యారు. దిగుమతి సుంకాలను పెంచిన 1890 నాటి చట్టం ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. తరువాత ఒహాయో గవర్నరుగా పనిచేశారు. 1896 ఎన్నికలలో ఊరూరా తిరగకుండా తన ఇంటి అరుగు మీద నుంచే ప్రసంగించగా, 7 లక్షలకు మించి జనం రైళ్లలో వచ్చి విన్నారని అంచనా. ప్రత్యర్థి విలియం జెన్నింగ్స్ బ్రయన్‌ను ఓడించి, 1897 మార్చి 4న పదవీ ప్రమాణం చేశారు.

అప్పటికే పొరుగున ఉన్న క్యూబా ద్వీపంలో స్పెయిన్ పాలనపై 1895 నుంచి తిరుగుబాటు సాగుతోంది. తిరుగుబాటుదారులకు తిండి, నీడ దొరకకుండా చేయాలని స్పెయిన్ సేనాని వేయ్లర్ పల్లెల ప్రజలను ఇళ్లు ఖాళీ చేయించి కాపలా పట్టణాలలోకి తోలించాడు. ఆకలితో, రోగాలతో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ వార్తలకు అమెరికా పత్రికలు రంగులద్ది యుద్ధం కావాలని గోల పెట్టాయి. మెకిన్లీ మాత్రం దౌత్యం ద్వారానే పరిష్కారం వెదికారు. పరదేశాన్ని బలవంతంగా కలుపుకోవడం అమెరికా నీతి ప్రకారం నేరపూరితమైన దురాక్రమణే అవుతుందని 1897 డిసెంబరులో కాంగ్రెసుకు పంపిన సందేశంలో ఆయనే పేర్కొన్నారు.

1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలిపోయి 260 మందికి పైగా మరణించారు. బయటి నుంచి మందుపాతర పేలడమే కారణమని నాటి నౌకాదళ విచారణ చెప్పింది. 1976లో అడ్మిరల్ రికోవర్ చేయించిన పరిశీలన మాత్రం నౌక లోపలి బొగ్గు గదిలో పుట్టిన మంటే కారణం కావచ్చునని తేల్చింది. కానీ ఆనాటి ఆగ్రహానికి అంత ఓపిక లేదు. రెండు నెలలు తట్టుకున్న మెకిన్లీ చివరకు ఏప్రిల్ 11న బలప్రయోగానికి కాంగ్రెసు అనుమతి కోరారు. ఏప్రిల్ 25న యుద్ధ ప్రకటన వెలువడింది. క్యూబాను తమ వశం చేసుకోబోమని కాంగ్రెసు ముందుగానే తీర్మానించింది. తక్కిన స్పెయిన్ ద్వీపాల విషయంలో అటువంటి మాట ఏదీ ఇవ్వలేదు.

మే 1న డ్యూయీ నాయకత్వంలోని అమెరికా నౌకలు ఫిలిప్పీన్స్‌లోని మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకాదళాన్ని కొన్ని గంటలలో నాశనం చేశాయి. స్పెయిన్‌పై అప్పటికే పోరాడిన ఎమిలియో అగినాల్డో జూన్ 12న ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యం ప్రకటించారు. ఆయన సేనలు మనీలాను ముట్టడించాయి. అయితే ఆగస్టు 13న స్పెయిన్ అధికారులు ముందస్తు ఒప్పందంతో పేరుకు మాత్రం పోరాడి నగరాన్ని అమెరికన్లకు అప్పగించారు. ఫిలిప్పీన్స్ సైనికులను లోపలికి రానివ్వలేదు. వాషింగ్టన్‌లో యుద్ధ విరమణ అంతకు ముందురోజే కుదిరింది, కానీ తంతి తీగ తెగి ఉండడం వలన ఆ కబురు మనీలాకు చేరలేదు.

ఆ వేసవిలోనే హవాయి కూడా అమెరికా పరమైంది. విలీనం వద్దంటూ హవాయి ప్రజలు 21,000కు మించిన సంతకాలతో విన్నపం పంపగా, సెనేటులో ఒప్పందానికి కావలసిన మద్దతు దొరకలేదు. అప్పుడు ఉభయ సభల సాధారణ తీర్మానంతో పని జరిపించి, జూలై 7న మెకిన్లీ సంతకం చేశారు.

ఫిలిప్పీన్స్ సంగతి అంత సులువుగా తేలలేదు. అగినాల్డో దూతగా ఫెలిపే అగొన్సిల్యో అక్టోబరు 1న మెకిన్లీని కలుసుకున్నారు. అధ్యక్షుడు మర్యాదగానే విన్నారు, కానీ ఆయనను ఒక దేశ ప్రతినిధిగా గుర్తించలేదు. దూత పారిస్ వెళ్లినా సంధి చర్చలలో ఆయనకు ప్రవేశం దొరకలేదు. అదే నెలలో మెకిన్లీ తమ దేశపు మధ్య రాష్ట్రాలలో పర్యటించి, విస్తరణ మాట వచ్చినప్పుడల్లా జనం కొట్టే చప్పట్లను గమనించారు. తిరిగి వచ్చి, ద్వీపాలన్నింటినీ కోరవలసిందిగా పారిస్‌కు తంతి పంపారు. అమెరికా ప్రజల మనసు తెలుసుకోవడానికి ఆయన వేల మైళ్లు ప్రయాణించారు. ఫిలిప్పీన్స్ ప్రజల మనసు తెలిపే మనిషి తన గదిలోకే వచ్చి కూర్చున్నా నిర్ణయం మారలేదు.

1898 డిసెంబరు 10న పారిస్ సంధి కుదిరింది. పోర్టోరికో, గువామ్ అమెరికాకు దక్కాయి. 2 కోట్ల డాలర్లు చెల్లించి ఫిలిప్పీన్స్‌ను తీసుకున్నారు. 1899 ఫిబ్రవరి 6న సెనేటు 57–27 ఓట్లతో సంధిని ఆమోదించింది. కావలసినదానికన్నా ఒక్క ఓటే అదనం. దానికి రెండు రోజుల ముందే మనీలా శివార్లలో తుపాకులు పేలి కొత్త యుద్ధం మొదలైంది. ఆ యుద్ధంలో 4,200 మందికి పైగా అమెరికా సైనికులు, 20,000 మందికి పైగా ఫిలిప్పీన్స్ యోధులు మరణించారు. హింస, కరవు, రోగాలతో మరణించిన సామాన్యుల సంఖ్య 2 లక్షల దాకా ఉంటుందని అంచనా. క్యూబాలో వేయ్లర్ చేసినదానికి కన్నీరు పెట్టిన దేశమే, ఫిలిప్పీన్స్‌లోని కొన్ని ప్రాంతాలలో పల్లెలను ఖాళీ చేయించి ప్రజలను కాపలా శిబిరాలలోకి తోలింది.

మెకిన్లీ విదేశాంగ నీతి చైనా దాకా విస్తరించింది. చైనా వాణిజ్యంలో అన్ని దేశాలకు సమాన అవకాశం ఉండాలనే తెరచిన తలుపు విధానాన్ని ఆయన మంత్రి జాన్ హే 1899లో ప్రకటించారు. 1900లో బాక్సర్ తిరుగుబాటు చెలరేగి బీజింగులో విదేశీ రాయబార కార్యాలయాలు ముట్టడికి గురికాగా, కాంగ్రెసు అనుమతి కోరకుండానే మెకిన్లీ సైన్యాన్ని పంపారు. బ్రిటిష్ వారు పంపిన భారతీయ సిపాయిలు కూడా ఆ ముట్టడిని విడిపించిన సేనలలో ఉన్నారు.

ఆయన ఉద్దేశాలు మంచివి కావని చెప్పలేం. 1900 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ పాలకులకు పంపిన ఆదేశాలలో, పిల్లలకు చదువు మొదట వారి సొంత భాషలోనే చెప్పాలని, ఆంగ్లాన్ని అందరికీ ఉమ్మడి భాషగా నేర్పాలని ఉంది. మరుసటి ఏడు వచ్చిన చట్టం మాత్రం ఆంగ్లాన్నే బోధనకు పునాది చేసింది. 1901 ఆగస్టులో సుమారు 500 మంది అమెరికా ఉపాధ్యాయులు ఓడలో మనీలా చేరారు. బడులు పెరిగాయి, అక్షరాస్యత పెరిగింది. తగాలోగ్, ఇలోకానో, సెబువానో వంటి ఇంటి భాషలు మాత్రం తరగతి గది గడప బయటే నిలిచిపోయాయి. దూరాన ఉన్న పాలకుడు మంచి మాట వ్రాసినా, దానిని నిలబెట్టమని అడిగే హక్కు పాలితుల చేతిలో లేకపోతే ఆ మాట కాగితం దాటదు.

1900లో మెకిన్లీ బ్రయన్‌ను మరోసారి ఓడించారు. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరపు ప్రదర్శనశాలలో ప్రజలతో కరచాలనం చేస్తుండగా లియాన్ చోల్గోష్ అనే అరాచకవాది చేతిరుమాలులో దాచిన తుపాకితో ఆయనను కాల్చాడు. జనం హంతకుని చితకబాదుతుంటే వారించమన్నారని, ఈ వార్తను ఐడాకు జాగ్రత్తగా చెప్పమని కార్యదర్శిని కోరారని చెబుతారు. సెప్టెంబరు 14న కన్నుమూశారు. ఐడా 1907 వరకు జీవించారు.

ఆయన తరువాత 1902లో క్యూబాకు స్వపరిపాలన వచ్చినా, అక్కడ జోక్యం చేసుకునే హక్కును అమెరికా తన చేతిలోనే ఉంచుకుంది. ఫిలిప్పీన్స్ 1946 జూలై 4న స్వతంత్రమైంది. హవాయి 1959లో రాష్ట్రమైంది. పోర్టోరికో వాసులు 1917 నుంచి అమెరికా పౌరులే అయినా, ఆ ద్వీపంలో నివసించేవారికి అధ్యక్ష ఎన్నికలలో నేటికీ ఓటు లేదు. పారిస్ గదిలో 1898లో అడగని ప్రశ్న అక్కడ ఇంకా మిగిలే ఉంది.