ఆలివర్ క్రాంవెల్ – క్రిస్మస్ నిషేధము

ఇంగ్లండు చరిత్రము చదివిన విద్యార్థి యెవ్వడును ఆలివర్ క్రాంవెల్ పేరు వినకుండ ఉండడు. రాజునకు శిరచ్ఛేదము చేయించిన సేనాని యనియు, క్రిస్మస్ పండుగను నిషేధించిన కఠినుడనియు రెండు మాటలలో ఆయన కథను ముగించుట వాడుక. మొదటి మాట నిజము. రెండవది సగము మాత్రమే నిజము. మిగిలిన సగమునందే ఆయన జీవితములోని చిక్కంతయు ఉన్నది.

క్రాంవెల్ 1599 ఏప్రిల్ 25వ తేదీన హంటింగ్డన్ పట్టణమున ఒక చిన్న భూస్వామి ఇంట జన్మించెను. 1616లో కేంబ్రిడ్జి యందలి సిడ్నీ ససెక్స్ కళాశాలలో చేరెను గాని, మరుసటి యేడు తండ్రి గతించుటచే పట్టము పొందకయే ఇల్లు చేరవలసివచ్చెను. 1620లో వివాహమాడెను. 1628లో పార్లమెంటు సభ్యుడయ్యెను. పిమ్మట సెయింట్ ఐవ్స్ అను ఊర కౌలు సేద్యము చేసికొనుచు కాలము గడపెను. నలువది యేండ్లు వచ్చువఱకు ఆయన జీవితమున చెప్పుకొనదగిన ఘనకార్య మేదియు లేదు. ఈ అజ్ఞాత దినములలోనే తీవ్రమైన మనోవ్యథకు లోనై, తుదకు దైవానుగ్రహము తనకు లభించినదని దృఢముగ నమ్మెను. నాటినుండి ఆయన నిష్ఠగల ప్యూరిటను.

ఇంగ్లండు ప్రభుత్వ మతసంఘమునందు బిషప్పుల పెత్తనము, ఆడంబరపు పూజలు మొదలగు కాథలిక్ అవశేషములను తుడిచివేయవలెనని పట్టుపట్టినవారు ప్యూరిటనులు. బైబిలులో లేని దేదియు ఆరాధనలో ఉండరాదని వారి సిద్ధాంతము. క్రీస్తు పుట్టిన తేదీ బైబిలులో ఎచ్చటను లేదు. పైగా క్రిస్మస్ అను పేరులోనే ‘మాస్’ అను కాథలిక్ పూజ దాగియున్నది. ఆ కాలపు క్రిస్మస్ డిసెంబరు 25 మొదలు పండ్రెండు దినముల పండుగ. గుమ్మములకు పచ్చని హోలీ కొమ్మలు, ఎండుద్రాక్షలు వేసి కాచిన మాంసపు జావ, ఆటపాటలు, వీనితోపాటు త్రాగుడును జూదమును సాగుచుండెను. రక్షకుని పేర జరుగు ఈ తాగుబోతుతనము ప్యూరిటనులకు కంటగింపయ్యెను. వారి ఆక్షేపణ పూర్తిగా అకారణమని చెప్పజాలము.

1642లో మొదటి చార్లెస్ రాజునకును పార్లమెంటునకును యుద్ధము వచ్చెను. యుద్ధవిద్య నేర్వని క్రాంవెల్ తన ప్రాంతమునుండి అశ్వికదళమును సమకూర్చి, 1644లో మార్స్టన్ మూర్ వద్దను, 1645లో నేజ్‌బీ వద్దను విజయమునకు ముఖ్యకారకుడయ్యెను. ప్రొటెస్టంటులలో ఏ శాఖవాడవని ఆయన తన సైనికుని నిలదీయలేదు. భక్తియు, క్రమశిక్షణయు ఉన్న చాలును. దేశమునకంతకు ఒకే ఆరాధన పద్ధతి ఉండవలెనని పార్లమెంటులోని ప్రెస్బిటేరియనులు పట్టుపట్టగా, శాఖాభేదములకు చోటుండవలెనని వాదించినవాడు క్రాంవెల్.

పండుగ నిషేధము ఈ ప్రెస్బిటేరియనుల బలముననే సాగెను. ప్రతి నెల కడపటి బుధవారము ఉపవాసదినముగ అంతకుముందే ఏర్పడియుండెను. 1644లో డిసెంబరు 25 సరిగా ఆ బుధవారమే వచ్చుటచే, ఆ దినమున విందు కూడదు, ఉపవాసమే ఉండవలెనని పార్లమెంటు శాసించెను. 1645 జనవరిలో వెలువడిన క్రొత్త ఆరాధన విధానములో పండుగలకు తావే లేకపోయెను. 1647 జూన్‌లో క్రిస్మస్, ఈస్టరు, పెంతెకోస్తు పండుగలు రద్దయ్యెను. బదులుగా విద్యార్థులకు, సేవకులకు, పనినేర్చు కుఱ్ఱలకు ప్రతి నెల రెండవ మంగళవారము సెలవు దొరకెను. అనగా కుఱ్ఱవాండ్రకు సెలవు మిగిలెను, పండుగ పోయెను! ఆ జూన్ నెలలోనే క్రాంవెల్ పార్లమెంటుతో చెడి, లండను విడిచి సైన్యమును చేరియుండెను. కావున ఈ శాసనమునకు ఆయనను కర్తగా చూపుట న్యాయము కాదు.

శాసనము కాగితము మీద సులువుగనే నిలిచెను. వీధిలో నిలువలేదు. ఆ యేటి డిసెంబరు 25న కాంటర్‌బరీ నగరమున అంగళ్లు తెరువవలెనని మేయరు ఆజ్ఞాపించెను. తెరచిన కొలదిమంది వర్తకుల సరకులను జనులు వీధిపాలు చేసిరి, గుమ్మములకు హోలీ కొమ్మలు కట్టిరి, నడివీధిలో బంతులాడిరి. అడ్డువచ్చిన మేయరు నేలబడెను. మన యూరిలో సంక్రాంతినాడు ముగ్గు పెట్టరాదని ఒక అధికారి చాటింపు వేయించినచో ఏమగునో పాఠకులే ఊహించుకొనవచ్చును. 1648లో కెంట్ మండలమున చెలరేగిన తిరుగుబాటునకు ఈ అల్లరియే ఒక మూలము.

1649 జనవరి 30న చార్లెస్ శిరచ్ఛేదము జరిగెను. ఆ యేడే క్రాంవెల్ ఐర్లండు మీదికి దండెత్తెను. ద్రోహెడా పట్టణమున సైనికులతోపాటు పురజనులను, మతాచార్యులను చంపించిన కళంకము ఆయన కీర్తినుండి నేటికిని చెఱగలేదు. ఎవ్వరి మనస్సాక్షి జోలికిని పోనని చెప్పుచునే, కాథలిక్ పూజను మాత్రము సాగనీయనని ఆయన అచ్చట ప్రకటించెను. పూజ లేని మనస్సాక్షి స్వేచ్ఛ ఐరిష్ ప్రజల కెట్లు ఉపకరించునో ఆయనకు తట్టలేదు.

1653 డిసెంబరు 16న క్రాంవెల్ రాజ్యసంరక్షకుడయ్యెను. ఇకమీదట పండుగ నిషేధమునకు ఆయన బాధ్యుడే. తలచినచో ఎత్తివేయగలవాడు, ఎత్తివేయలేదు. అయినను ఈ యేండ్లలోనే ఆయన ఉదారబుద్ధియు కనబడును. 1290లో ఇంగ్లండునుండి వెడలగొట్టబడిన యూదుల పక్షమున ఆంస్టర్‌డాం నగరపు మెనాసె బెన్ ఇజ్రాయెల్ 1655లో విన్నపము తేగా, క్రాంవెల్ సభ కూర్చెను. మతాచార్యులును వర్తకులును అడ్డుచెప్పుటచే సభ ఏమియు తేల్చకుండ ముగిసెను. అయినను లండనులోని యూదులు ప్రార్థనకును, శ్మశానభూమికిని ఆయన అనుమతి పొందిరి. 1656 డిసెంబరులో జేమ్స్ నేలర్ అను క్వేకరును దైవదూషకుడని పార్లమెంటు కొరడాలతో కొట్టించి, నాలుక తూట్లు పొడిపించి, నుదుట వాతవేయింపగా, ఏ అధికారముతో ఇట్లు చేసితిరని ఆయన ప్రశ్నించెను.

ఆ నెల 25న పార్లమెంటు యథావిధిగ కూడెను గాని సభలో సభ్యులు పలుచనైరి. వీధిలో అంగళ్లన్నియు మూసియుండెను. ఇరుగుపొరుగు ఇండ్ల పండుగ సందడిచే రాత్రి నిద్ర పట్టలేదని ఒక సభ్యుడు మొఱపెట్టుకొనెను! నిషేధమును బిగింపవలెనని నాడు ప్రతిపాదించిన బిల్లు చట్టము కాలేదు.

క్రాంవెల్ స్వయముగ రసహీనుడు కాడు. సంగీతమనిన ప్రాణము. ఆక్స్‌ఫర్డు కళాశాలనుండి ఒక ఆర్గన్ వాద్యమును తన హాంప్టన్ కోర్టు నివాసమునకు తెప్పించుకొనెను. 1657 నవంబరులో కుమార్తె ఫ్రాన్సెస్ వివాహమునకు తెల్లవారువఱకు ఫిడేలు వాద్యములును నాట్యములును సాగెను. మరుసటి నెల 25న జాన్ ఎవెలిన్ అను విద్వాంసుడు లండనులో ఒక ప్రార్థనామందిరమున భార్యతో క్రీస్తు జన్మదిన పూజలో ఉండగా సైనికులు చుట్టుముట్టిరి. భక్తులు ప్రసాదము స్వీకరించుటకు బలిపీఠము చేరుచుండగా తుపాకులు వారివైపు గురిపెట్టిరి. పిమ్మట అధికారులు ఎవెలిన్‌ను పిలిచి, నిషేధించిన పండుగ ఏల చేసితివని విచారించి విడిచిపెట్టిరి. ఈ ముచ్చట ఆయన దినచర్య గ్రంథమున వ్రాసికొనెను. తన ఇంట నాట్యమునకు చోటిచ్చిన పాలకుడు ఇతరుల పూజకు చోటీయకపోవుట ఆయన చరిత్రలో నాకు మిక్కిలి బాధ కలిగించు ఘట్టము.

1658 సెప్టెంబరు 3న క్రాంవెల్ మరణించెను. 1660లో రెండవ చార్లెస్ సింహాసనమెక్కగా పాత శాసనములు చెల్లకపోయెను. క్రిస్మస్ మరల బాహాటముగ వీధికెక్కెను. ఇప్పుడు చెఱసాలలు ప్యూరిటనులకు తెరచుకొనెను. అనుమతి లేక బోధించినందుకు జాన్ బన్యన్ ఆ యేడే బందీయై పండ్రెండేండ్లు చెఱలో గడపెను. 1661 జనవరి 30న, చార్లెస్ వధ జరిగిన తేదీననే, క్రాంవెల్ శవమును త్రవ్వితీసి ఉరికొయ్యకు వ్రేలాడదీసిరి. తలను వెస్ట్‌మినిస్టర్ హాలు మీద శూలమున గ్రుచ్చి ఇరువది యేండ్లకు పైగా ఎండకు, వానకు విడిచిరి. అటుపై అది పలువురి చేతులు మారి, 1960లో ఆయన చదువు విడిచివచ్చిన సిడ్నీ ససెక్స్ కళాశాల చేరెను. అచ్చటి ప్రార్థనామందిర సమీపమున దానిని పాతిపెట్టిరి. పాతిన చోటు మాత్రము గుర్తుపెట్టలేదు.